ముందు ఆ కెమెరా ఎవరిదో తేల్చండి

ప్రశ్న: మాది కాశీబుగ్గ. నలుగురం స్నేహితులం. డిగ్రీ అయిపోయింది, ఉద్యోగాలు వెతుక్కుంటున్నాం. ఈలోపు ఒక మాక్యుమెంటరీ, అంటే డాక్యుమెంటరీలా కనిపించే కల్పిత కథ, తీద్దామనుకున్నాం. హీరో జీడిపప్పు పరిశ్రమలో రిటైరైన ‘గ్రేడింగ్ మాస్టారు’. ఏ మనిషినైనా ఒక్క చూపు చూసి డబ్ల్యూ 180, 240, 320 అని గ్రేడు చెప్పేస్తాడు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు సంబంధం ఖాయం చేసుకునే ముందు పెళ్లికొడుకుని ఆయన దగ్గరికి తెచ్చి చూపిస్తారు. నిడివి 12 నిమిషాలు. చేతిలో 20 వేలు, రెండు ఫోన్లు ఉన్నాయి. శాంపిల్‌గా రెండు సీన్లు తీసి చూపిస్తే, ‘ఓవరాక్షన్‌లా ఉంది, టీవీ స్కిట్‌లా ఉంది’ అన్నారు. మాటలు కూడా సరిగా వినపడలేదు. కెమెరా అద్దెకు తెచ్చుకోవాలా? డైలాగులు పూర్తిగా రాసుకోవాలా, అప్పటికప్పుడు చెప్పించాలా? పరిశ్రమలో నిజంగా పనిచేసేవాళ్లను పెట్టి తీయవచ్చా? స్క్రిప్టు జత చేశాం.
— ఒక పాఠకుడు, కాశీబుగ్గ

తమ్ముళ్లూ, స్క్రిప్టు చదివాను. ఐడియా మీ ఊరి మట్టిలోంచే వచ్చింది, అందుకే బాగుంది. జీడిపప్పు సంగతి తెలియనివాళ్ల కోసం ఒక ముక్క: డబ్ల్యూ పక్కన ఉండే నంబరు, ఒక పౌనుకి, అంటే 454 గ్రాములకి, ఎన్ని గుండ్లు, అంటే విరగని పూర్తి పప్పులు, తూగుతాయన్న లెక్క. కాబట్టి నంబరు తగ్గేకొద్దీ పప్పు పెద్దది, ధర ఎక్కువ. 180 రకం గుండు ఒక్కోటి రెండున్నర గ్రాములు ఉంటుంది. 320 రకం ఒకటిన్నర గ్రాము కూడా తూగదు. ఈ తిరకాసులోనే మీకు బోలెడంత హాస్యం ఉంది. పెళ్లికొడుకు తండ్రి ‘మావాడు 450 అటండీ’ అని ఊరంతా మిఠాయిలు పంచి రావచ్చు. దాన్ని మీరు స్క్రిప్టులో వాడుకోలేదు, వాడుకోండి.

ఇక అసలు లోపం. ఎనిమిది పేజీల్లో ఎక్కడా ఆ కెమెరా ఎవరిదో లేదు. మాస్టారిని ఎవరు తీస్తున్నారు? ఎందుకు తీస్తున్నారు? డబ్బులు ఎవరివి? మామూలు సినిమాలో ఈ ప్రశ్న రాదు, కెమెరా లేనట్టే అందరూ నటిస్తారు. మాక్యుమెంటరీలో కెమెరా కూడా ఒక పాత్ర. దాన్ని పట్టుకున్నవాడికి ఒక ఊరు, ఒక అవసరం, ఒక తొందర ఉంటాయి. అది తేలకపోతే నటులకు ఎవరితో మాట్లాడుతున్నారో తెలియదు. తెలియనప్పుడు ప్రేక్షకులకు వినపడేలా గట్టిగా మాట్లాడతారు, చేతులు తిప్పుతారు. మీ స్నేహితులు ఓవరాక్షన్ అన్నది దాన్నే.

రెండు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, హైదరాబాద్ నుంచి ఏదో ఛానల్ బృందం వచ్చిందనుకోవడం. వాళ్లకు గుండుకీ, రెండుగా విడిపోయిన బద్దకీ తేడా తెలియదు. ‘ఇది కొంచెం విరిగిపోయిన జీడిపప్పు కదండీ’ అంటారు. మాస్టారు వాళ్లవైపు జాలిగా చూస్తాడు. ఇది పరవాలేదు. నాకు రెండోది నచ్చింది: మాస్టారికి సన్మానం జరగబోతోంది. ఆ సభలో వేయడానికి తన జీవిత విశేషాల మీద డాక్యుమెంటరీ కావాలని, పెళ్లి వీడియోలు తీసే కుర్రాడికి ఆయనే అడ్వాన్సు ఇచ్చి మాట్లాడుకున్నాడు. అంటే సినిమాకి నిర్మాత, హీరో, కథకుడు అన్నీ ఆయనే. నచ్చని మాట రాగానే ‘ఇది కట్ చేసీ బావూ’ అంటాడు. ఆ మాటతో సహా సినిమాలో ఉంటుంది, ఎందుకంటే కుర్రాడికి బ్యాలెన్సు డబ్బులు ఇంకా రాలేదు.

దీనివల్ల ఇంకో లాభం, మీ పేదరికం అంతా కథలో భాగమైపోతుంది. ఫోకస్ తప్పిందా, పెళ్లి వీడియో కుర్రాడి పనే. టైటిల్స్‌లో గులాబీలు ఎగిరాయా, సరిగ్గా అదే రావాలి. ఇప్పుడు డ్రోన్ లేని పెళ్లి వీడియో లేదు. మాస్టారు డ్రోన్‌కి డబ్బులివ్వనన్నాడు కాబట్టి కుర్రాడు డాబా ఎక్కి ఫోన్ పట్టుకుని అటూ ఇటూ నడుస్తాడు. వ్యాఖ్యానం మాస్టారే రాసి ఇస్తాడు, ఊళ్లో ఉపన్యాసాలిచ్చే ఎవరిచేతో పాత ఆకాశవాణి వార్తల ధోరణిలో చదివిస్తాడు. వెనక గంభీరమైన గ్రాంథికం వినిపిస్తుంటుంది, ముందు బొమ్మ వేరే సంగతి చెబుతుంటుంది.

ఆ గంభీరమైన గొంతుని తక్కువగా అంచనా వేయకండి. 1957 ఏప్రిల్ 1న బీబీసీ తన పనోరమా కార్యక్రమంలో, స్విట్జర్లాండ్‌లో ఒక కుటుంబం చెట్ల నుంచి స్పగెట్టీ కోసుకుంటున్నట్టు చూపించింది. వ్యాఖ్యానం రిచర్డ్ డింబుల్బీది. దేశం మొత్తం నమ్మే వార్తల గొంతు అది. ఎక్కడా నవ్వులేదు, వెటకారం లేదు. చాలామంది నిజమే అనుకుని, ఆ మొక్క పెంచడం ఎలా అని ఫోన్లు చేశారు. కెమెరా ముందు ఒక్కరు ముసిముసిగా నవ్వి ఉంటే అది అక్కడితో అయిపోయేది. మీ శాంపిల్ సీన్లో పెళ్లికొడుకు పాత్రధారి గ్రేడు వినగానే తనే నవ్వాపుకుంటున్నట్టు మీరే రాశారు. ఆ పెళ్లికొడుక్కి అది జోకు కాదు, సంబంధం తప్పిపోతోంది. నిజంగా ఏడుపు మొహం పెట్టాలి.

పైగా మీకున్న సౌకర్యం, జీడిపప్పు గురించిన నిజాలే అబద్ధాల్లా ఉంటాయి. గింజ పండు లోపల కాకుండా కింద బయట వేలాడుతుందంటే తెలియనివాళ్లు నమ్మరు. చెట్టు మనది కాదు, 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు బ్రెజిల్ నుంచి తెచ్చారన్నా నమ్మరు. కాబట్టి వరసగా మూడు నిజాలు చెప్పించి, నాలుగోది మెల్లిగా దూర్చండి. ‘ఆ ఓడలో వంటవాడు మా ముత్తాతకి ముత్తాత’ అని మాస్టారు అదే గొంతుతో అనాలి. ఏది నిజమో ఏది కాదో చూసేవాడు వెతుక్కోవాలి.

డైలాగుల సంగతి. పూర్తిగా రాయకండి, పూర్తిగా వదిలేయకండి. ప్రతి సీనుకీ ఒక కాగితం మీద మూడు సంగతులు రాయండి: ఈ మనిషికి ఇప్పుడేం కావాలి, ఏం దాస్తున్నాడు, సీను ఎక్కడ ఆగాలి. వ్యాఖ్యానం మాత్రం అక్షరం అక్షరం రాసుకోవాలి, అది మాస్టారి సాహిత్యం కాబట్టి. ఇంటర్వ్యూల్లో ప్రశ్నలు అడిగేవాడికి మాత్రమే తెలియాలి. ‘మీరెప్పుడైనా తప్పు గ్రేడు చెప్పారా మాస్టారూ?’ అని హఠాత్తుగా అడగండి. జవాబు అయిపోగానే కట్ అనకండి. ఊరుకోండి, మనసులో పది లెక్కపెట్టుకోండి. ఆ నిశ్శబ్దం భరించలేక మనిషి ఇంకో మాట అంటాడు. ఎడిటింగ్ టేబుల్ దగ్గర మీరు ఏరుకునేది చాలావరకు ఆ రెండో మాటే. అడిగేవాడి గొంతు తీసేయాలనుకుంటే, ప్రశ్నని కలుపుకుని జవాబు చెప్పమని ముందే చెప్పండి.

ఈ రకం సినిమాలో నవ్వు మాటలో కంటే రెండు షాట్ల మధ్య ఎక్కువ పుడుతుంది. ‘నాకు కోపం అన్నది తెలీదు బావూ’ అని కుర్చీలో తాపీగా అంటాడు. కట్ చేస్తే గేటు దగ్గర ఎవరినో కేకలేస్తుంటాడు. ఆ కేకలు కెమెరా మొదటినుంచీ చూడకూడదు. శబ్దం విని కుర్రాడు పరుగెత్తుకెళ్లి, ఫ్రేము వెతుక్కుని, సగం గొడవ అయ్యాక పట్టుకోవాలి. ముందే అక్కడ స్టాండు వేసుకుని కూర్చున్న కెమెరా, ఇదంతా నాటకమని చెప్పేస్తుంది. ఇంటర్వ్యూలకు స్టాండు, మిగతావన్నీ చేత్తో. మాస్టారు కెమెరావైపు దొంగచూపు చూడటం మొత్తం సినిమాలో రెండు మూడుసార్లకు మించితే అలవాటైపోయి పండదు.

కెమెరా అద్దెకు వద్దు. ఉన్న రెండు ఫోన్లు చాలు. కానీ సెట్టింగులు సరిచేయాలి. ఫోన్లు మామూలుగా సెకనుకు 30 ఫ్రేముల్లో తీస్తాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. జీడి యూనిట్లలో ఉండేది చాలావరకు ట్యూబ్‌లైట్లే కాబట్టి బొమ్మలో చారలు కదులుతాయి. 25 ఫ్రేములు, షట్టర్ 50వ వంతు సెకను పెట్టుకుంటే ఆ బాధ పోతుంది. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితం, మీ ఫోన్లలో పనిచేస్తే అదే వాడండి. వెలుగునీ రంగునీ లాక్ చేయండి, లేకపోతే తెల్లచొక్కా మనిషి నడిచి వెళ్లిన ప్రతిసారీ బొమ్మ చీకటవుతుంది. 4కే అక్కర్లేదు. 1080లో ఫోన్‌ని బట్టి గంటకి 4 నుంచి 8 జీబీ దాకా పడుతుంది. రోజూ సాయంత్రం రెండు చోట్ల కాపీ చేశాకే ఫోన్ ఖాళీ చేయండి. తీసేటప్పుడు ఫ్లైట్ మోడ్, చెప్పక్కర్లేదు.

మిగిలిన శ్రద్ధంతా, డబ్బులో పెద్ద ముక్కా, శబ్దానికి పెట్టండి. బొమ్మ వణికినా డాక్యుమెంటరీ కదా అనుకుంటారు. మాట వినపడకపోతే ఫోన్ పక్కన పడేస్తారు. కాలరుకి పెట్టుకునే వైర్‌లెస్ మైకుల జత కొనండి, అద్దెకి దొరికితే ఇంకా మంచిది. పైన బొచ్చు తొడుగు ఉండేలా చూసుకోండి. ఉద్దానం తోటల్లో సముద్రపు గాలికి అది లేకపోతే మైకులో గాలి తప్ప ఏమీ పడదు. మైకు చొక్కా మీద బాహాటంగా కనపడినా ఇబ్బంది లేదు, డాక్యుమెంటరీలో కనపడుతుంది. మాస్టారు దాన్ని మెడల్‌లా సవరించుకుంటూ ఉంటే అదొక సీను.

ఇంటర్వ్యూ తీసేటప్పుడు ఫ్యాన్ ఆపేయండి. చెమటలు పడతాయి, పట్టనివ్వండి. యూనిట్ లోపల గింజలు కట్ చేసే మెషిన్లు నడుస్తుంటే మాటల సీను పెట్టుకోవద్దు. మధ్యాహ్నం భోజనాల వేళ మెషిన్లు ఆగుతాయి, అప్పుడు మాటలు తీసుకోండి. తర్వాత మెషిన్ల చప్పుడు ఒక రెండు నిమిషాలు విడిగా రికార్డు చేసి, ఎడిటింగ్‌లో మాట కింద సన్నగా వేసుకోండి. ప్రతి చోటా ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఖాళీ శబ్దం కూడా తీసుకోండి, అతుకుల దగ్గర అది కాపాడుతుంది. మీది హౌరా-చెన్నై మెయిన్ లైను, రైలు వచ్చి మాట మింగేస్తే విసుక్కోకండి. మాస్టారిని మాట ఆపి, రైలు వెళ్లేదాకా అదే ఠీవితో కూర్చోమనండి. బోగీలకు కూడా గ్రేడు వేస్తాడేమో చూడండి.

పనిచేసేవాళ్లని పెట్టి తీయడం గురించి అడిగారు. మీ స్క్రిప్టులో నాకు నచ్చనిది అక్కడే ఉంది. మూడో పేజీలో, పప్పు ఏరే ఆడవాళ్లు మాస్టారి మాటలకి నోళ్లు వెళ్లబెట్టి చూస్తారని రాశారు. యూనిట్‌కి వెళ్లి ఒక పూట కూర్చోండి. ఒలిచిన పప్పు ముందు పోసుకుని, గుండు, బద్ద, ముక్క, నూక అని వేరు చేసేది ఎవరు? ఆ ఆడవాళ్లే. తూకం లేకుండా వేళ్లతోనే 210కీ 240కీ తేడా పట్టేది వాళ్లు. మాస్టారు ఏళ్ల తరబడి చేసింది, వాళ్లు చెప్పిన నంబరు పుస్తకంలో రాసుకోవడం. మీ సినిమా కథ నిజానికి ఇదే అనిపిస్తోంది నాకు. కెమెరా కుర్రాడు మెల్లగా ఈ సంగతి కనిపెట్టాలి. పెళ్లికొడుకుని చూసి మాస్టారు ఘనంగా ‘రెండొందల నలభై’ అంటాడు. వెనక పప్పు ఏరుతున్న ముసలామె తలెత్తకుండానే, ‘దూరం నుంచి సూస్తే గుండే బావూ, సేతిలోకి తీసుకుంటే బద్ద’ అంటుంది. మాస్టారు దగ్గి, పుస్తకంలో కొట్టేసి మళ్లీ రాసుకుంటాడు. అంతే, ఎవరూ దాని గురించి ఇంకేమీ అనకూడదు.

అప్పుడు వేళాకోళం డాబు మీద పడుతుంది, మనుషుల మీద కాదు. మన యాసని ఎన్నో సినిమాల్లో పనివాడికో, తెలివితక్కువవాడికో అంటగట్టి నవ్వించారు. మనమే మళ్లీ ఆ పని చేయడమెందుకు? మీ సినిమాలో యాస మాట్లాడేవాళ్లే తెలివైనవాళ్లు, గ్రాంథికం కొనుక్కున్నవాడే బోల్తాపడేవాడు. నటులకి ‘కొంచెం ఎక్కువ యాసలో చెప్పు’ అని మాత్రం ఎప్పుడూ అనకండి. ఇంట్లో ఎలా మాట్లాడతారో అలా చాలు.

వాళ్లని నిజంగా పెట్టుకుంటే, ఇది కల్పిత కథ అని, నవ్వించడానికని, ఆన్‌లైన్‌లో పెడతామని ముందే చెప్పండి. అర్థమయ్యేలా తెలుగులో ఒక పేజీ రాసి, చదివి వినిపించి సంతకం తీసుకోండి. పిల్లలుంటే తల్లిదండ్రుల సంతకం. చాలాచోట్ల వాళ్లకి కూలి కిలోల లెక్కన వస్తుంది, మీకోసం చేతులు ఆపిన ప్రతి గంటా వాళ్లకి నష్టం. ఆపిన గంటలకి మీరు కూలి కట్టివ్వాలి. 20 వేలలో మైకుల తర్వాత నేను పక్కన పెట్టే డబ్బు అదే. గింజ తొక్కలోని జీడి రసం చర్మాన్ని కాలుస్తుంది. దగ్గర షాట్ కోసం గింజలు కోసేచోట చేతులు పెట్టకండి, మీ నటుల చేత కూడా పెట్టించకండి. పరిశ్రమ పేరు, బోర్డు కనపడనివ్వొద్దు. యజమాని అనుమతి కూడా కాగితం మీదే.

ఒక్క చోట నవ్వు ఆపొచ్చు, ఆపకపోయినా పరవాలేదు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను మీ పక్కనే తీరం దాటింది. జీడితోటలు, కొబ్బరితోటలు ఎలా పడుకున్నాయో మీకు నేను చెప్పాలా? మాస్టారు తోటలో నడుస్తూ అన్నిటికీ గ్రేడులు వేస్తుంటాడు. తుపాను తర్వాత మళ్లీ నాటిన చెట్ల దగ్గరికి వచ్చేసరికి కుర్రాడు ‘వీటికేటి గ్రేడు మాస్టారూ?’ అంటే ఆయన మాట మార్చేస్తాడు. వెనక సంగీతం వేయకండి, దగ్గరికి జూమ్ వెళ్లకండి, వెంటనే తర్వాతి సీనుకి పోండి. ఈ సీను తీయాలనుకుంటే మార్చి, ఏప్రిల్ నెలల్లో పెట్టుకోండి, చెట్టు మీద పండ్లు కూడా దొరుకుతాయి. గింజ కింద వేలాడే షాట్ ఎలాగూ కావాలి కదా.

నలుగురిలో ఒకరు కెమెరా, ఒకరు శబ్దం. చెవుల్లో హెడ్‌ఫోన్ పెట్టుకుని వినడం తప్ప ఆ రెండోవాడికి వేరే పని చెప్పకండి. మూడోవాడు కెమెరా పక్కన కూర్చుని ప్రశ్నలడిగే దర్శకుడు, సినిమాలో వినపడే కుర్రాడి గొంతు కూడా అతనిదే కావచ్చు. నాలుగోవాడికి టిఫిన్లు, సంతకాలు, ఏ షాట్ ఏ ఫోన్‌లో ఉందో రాసుకోవడం. ఇది చిన్న పని అనుకుని చివరికి ఎవరూ చేయరు, ఎడిటింగ్‌కి కూర్చున్నాక నలుగురూ ఒకరినొకరు తిట్టుకుంటారు. ఎడిటింగ్‌కి డావించీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ సరిపోతుంది. 12 నిమిషాలు అన్నారు, 8కి దింపండి. ఈ జోకు అంతకన్నా సాగదు.

అనుమతుల విషయంలో కొన్ని మాటలు. మాస్టారి ఇంట్లో ప్రభుత్వ సర్టిఫికెట్ ఫ్రేము కట్టి ఉంటుందని, దానిమీద మూడు సింహాల గుర్తు ఉంటుందని రాశారు. అది తీసేయండి. జాతీయ చిహ్నం అలా వాడకుండా 2005లో చట్టమే ఉంది. మీరే ఒక చిహ్నం గీసుకోండి, కిరణాల మధ్య జీడిగింజ, కింద ఏదో సంస్కృతం ముక్క. దానికే ఎక్కువ నవ్వుతారు. పలాస స్టేషన్ లోపల తీయాలంటే రైల్వే అనుమతి కావాలి, ఆ సీను బయట గేటు దగ్గరికి మార్చేయండి. సినిమా పాట ఏదీ వాడొద్దు, యూట్యూబ్‌లో క్లెయిమ్ పడుతుంది. ఆన్‌లైన్‌లో పెట్టుకోవడానికి సెన్సార్ సర్టిఫికెట్ అక్కర్లేదు, థియేటర్లో వేస్తేనే ఆ అవసరం. చివర్లో ఇది కల్పితమని ఒక కార్డు తప్పకుండా వేయండి. లేకపోతే ఎవరో ఒకరు నిజంగానే పెళ్లికొడుకుని తీసుకుని కాశీబుగ్గలో బస్సు దిగుతారు.

సన్మాన సభకి జనం ఎలా అని మీ స్క్రిప్టు మార్జిన్లో ఎవరో రాసుకున్నారు, ‘కనీసం 100 మంది?’ అని. అంతమందిని పిలిస్తే మీ 20 వేలూ భోజనాలకే. టెంట్ హౌస్ నుంచి 100 కుర్చీలు మాత్రం తెప్పించండి. ముందు వరసలో ఆ ముసలామె, బద్ద అని తేలిన పెళ్లికొడుకు, 450 వచ్చిందని పొంగిపోయిన తండ్రి, బ్యాలెన్సు కోసం వచ్చిన కెమెరా కుర్రాడి అసిస్టెంటు, నలుగురు చాలు. మాస్టారు ఖాళీ కుర్చీలను ఓసారి కలయజూసి, ‘సభికులందరికీ నమస్కారం’ అని మొదలుపెట్టాలి.